శాలువా కప్పాక మొదలయ్యే పని

(సేవా క్లబ్బుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నది తెనాలికి చెందిన ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ అక్కడి ఒక క్లబ్బులో సభ్యురాలు. అందులో ఎక్కువ కాలం ట్రెజరర్‌గా ఉన్నారు.)

బదిలీ మీద తణుకు వచ్చాను. ఆఫీసులో సీనియర్ ఒకాయన క్లబ్బులో చేరమని ఒకటే పోరు. పేపర్లో చూస్తే ఎప్పుడూ శాలువాలు, బొకేలు, వేదిక మీద పదిహేను మంది. నిజంగా పని జరుగుతుందా మేడమ్? చందా కట్టి ఇరుక్కుపోతానేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, తణుకు

శాలువాల సంగతి నిజమే బాబూ. మా క్లబ్బు ప్రమాణ స్వీకారాల్లో కింద కూర్చున్న వాళ్ళకంటే వేదిక మీద వాళ్ళే ఎక్కువగా ఉన్న సందర్భాలున్నాయి. లయన్స్‌కైనా రోటరీకైనా కొత్త సంవత్సరం జులై 1న మొదలై మరుసటి ఏడు జూన్ 30తో ముగుస్తుంది. కొత్త కార్యవర్గాల ప్రమాణ స్వీకారాలు అప్పుడే. అందుకే ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేకపోయినా మన ఊళ్ళలో ఫంక్షన్ హాళ్ళు ఖాళీగా ఉండవు.

అయితే పేపర్లో పడేది ఆ ఒక్క సాయంత్రమే. పల్స్ పోలియో ఆదివారం పొద్దున్నే బడి వరండాలో బల్ల వేసుకుని, ఐసు డబ్బా పక్కన పెట్టుకుని, చుక్కలు వేసిన ప్రతి పసివాడి చిటికెన వేలికీ ఇంకు గుర్తు పెడుతూ కూర్చున్న వాళ్ళలో క్లబ్బుల వాళ్ళు చాలామంది ఉన్నారు. రోటరీ ఆ పోలియో పనిని 1985లో ప్రపంచమంతటికీ సంబంధించిన లక్ష్యంగా తలకెత్తుకుంది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో దొరికింది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ వచ్చింది. మందు సర్కారుది, నర్సులు సర్కారు వాళ్ళు. "మా పిల్లాడికి జ్వరం, ఈసారికి వద్దు" అని తలుపేసుకున్న తల్లి దగ్గరికి మళ్ళీ మధ్యాహ్నం వెళ్ళి కూర్చున్నది మాత్రం ఊళ్ళో ఆమెకు తెలిసిన మనిషి. క్లబ్బు వల్ల ఉపయోగం అక్కడే అని నా లెక్క. కొనివ్వడం డబ్బున్న ఎవరైనా చేస్తారు. ఉన్న సాయం దగ్గరికి మనిషిని తీసుకెళ్ళి, మళ్ళీ ఇంటికి చేర్చేవాళ్ళే తక్కువ.

చేరే ముందు ఆ సీనియర్ గారిని నిరుడు జరిగిన జమాఖర్చుల కాగితం చూపించమని అడగండి. ఆయన నవ్వి మాట మార్చితే మీరూ నవ్వి మాట మార్చండి. చూపిస్తే మాత్రం ఒక ఆదివారం వాళ్ళు చేసే పనికి వెళ్ళిరండి, ప్రారంభోత్సవం రోజు కాకుండా ఆ మరుసటి వారం. చందా విషయానికొస్తే అందులో కొంత ఊళ్ళో ఖర్చులకు, కొంత క్లబ్బుల జిల్లా శాఖకు, కొంత అంతర్జాతీయ కార్యాలయానికి పోతుంది. ఏది ఎంతో ముందే అడిగి రాయించుకోండి. మొహమాటపడకండి, డబ్బు మీదే కదా.

మా అత్తగారికి రెండు కళ్ళలోనూ పొర. మా ఊరి బడిలో క్లబ్బు వాళ్ళు కంటి శిబిరం పెడితే ఆవిడ పేరు రాయించాను. "క్యాంపు ఆపరేషన్లో కళ్ళు పోతాయి, ముదిరాక తీయించుకుంటా" అని మొండికేశారు. ఆయనేమో "అమ్మ ఇష్టం" అంటారు. ఏం చెయ్యను అక్కయ్యగారూ?
– ఒక పాఠకురాలు, కైకలూరు దగ్గర పల్లె

మీ అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదమ్మా. ఒకప్పుడు బడి గదుల్లోనే, కల్యాణ మండపాల్లోనే బల్లలు వరసగా వేసి ఆపరేషన్లు చేసేవాళ్ళు. ఇన్ఫెక్షన్ సోకి చూపు పోగొట్టుకున్న వాళ్ళ కథలు ప్రతి తాలూకాలోనూ ఉన్నాయి. ఇప్పుడు ఆ పద్ధతి లేదు. ఊళ్ళో జరిగేది పరీక్ష మాత్రమే. ఆపరేషన్ థియేటరున్న కంటి ఆసుపత్రిలోనే చెయ్యాలన్నది సర్కారు నియమం. మా వైపు పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి, మీ వైపు వాళ్ళకు విజయవాడ పక్కన తాడిగడపలో ఉన్న ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి లాంటివి అందుబాటులో ఉన్నాయి. మీ శిబిరం వాళ్ళు ఏ ఆసుపత్రికి తీసుకెళ్తున్నారో కరపత్రంలో పేరు ఉందేమో చూడండి. లేకపోతే అడిగి తెలుసుకోండి. ఆ పేరు చెప్పలేని శిబిరానికి నేనైతే మా అత్తగారిని పంపను.

ఇక "ముదిరాక" అనే మాట. కళ్ళలో మామూలు మసక ఉన్నప్పుడే పొర తీయడం ఇప్పుడు తేలిక. బాగా ముదిరి గట్టిపడితే తీయడం డాక్టరుకు కష్టం, మానడం మీ అత్తగారికి కష్టం. ఈలోపు చీకట్లో గడప తట్టుకుని పడి తుంటి విరిగితే ఆ మంచం చాకిరీ మీదే. ఆవిడతో ఈ మాట మీరు చెప్పకండి, కోడలు చెబితే ఇంకోలా వినిపిస్తుంది. పోయిన ఏడు ఆపరేషన్ చేయించుకున్న ఆవిడ ఈడు మనిషిని ఒకరిని ఇంటికి పిలిచి కాఫీ ఇవ్వండి. మా క్లబ్బులో మేం చేసే ప్రచారం ఇదే. మైకు పెట్టిన ఆటో ఊరంతా తిరిగితే పది మంది వచ్చేవాళ్ళు. సూదిలో దారం ఎక్కించి చూపించిన ఒక ముసలావిడ వెంట బజారు బజారంతా కదిలింది.

పేరు రాయించాక జరిగేది చెబుతాను, ముందే తెలిస్తే ఆవిడకూ ధైర్యం. శిబిరంలో చూపు, కంటి ఒత్తిడి, బీపీ, షుగర్ చూస్తారు. షుగర్ ఎక్కువగా ఉంటే వెనక్కి పంపుతారు. అది తిరస్కరించడం కాదు, తగ్గించుకుని రమ్మనడం. ఆధార్ జిరాక్సు, వాడుతున్న మందుల చీటీ, తోడు మనిషి ఫోన్ నంబరు బస్సెక్కేటప్పుడు ఉండాలి. ఆసుపత్రిలో కన్ను కొలిచి ఏ పవరు లెన్సు పెట్టాలో నిర్ణయిస్తారు. మత్తు కంటి వరకే, మాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఒకేసారి రెండు కళ్ళూ ముట్టుకోరు, ఒకటి మానాకే రెండోది.

అసలు జాగ్రత్తంతా ఇంటికొచ్చాకే. చుక్కల మందు నెల పైనే వెయ్యాలి. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం రోజుకు వేసే సార్లు తగ్గించుకుంటూ రావాలి. వేసే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సీసా మూతి కంటికి తగలకూడదు. తలంటు, పొయ్యి పొగ, చేలోకి పోవడం, కంటిని చెంగుతో నలపడం కొన్నాళ్ళు ఆపాలి. మనవడిని ఎత్తుకోవడం కూడా డాక్టరు సరే అనేదాకా వద్దు. కన్ను ఎర్రబడి నొప్పి పెరిగినా, వచ్చిన చూపు మళ్ళీ తగ్గినా ఇంకో రోజు చూద్దామనుకోకండి. ఆ రోజే, రాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక్కడే క్లబ్బుల గుట్టు బయటపడుతుంది. వెళ్ళేటప్పుడు బస్సుకు బ్యానరు కట్టి జెండా ఊపుతారు. దండలు వేసి దింపుతారు. వారానికి చూపించుకోవలసిన రోజు మాత్రం ఎవరి ఆటో వాళ్ళదే. ఆటోకు డబ్బు లేకో, తీసుకెళ్ళేవాళ్ళు కూలి మానుకోలేకో కొందరు అసలు వెళ్ళరు. నేను ట్రెజరర్‌నయ్యాక వెళ్ళే బస్సుకు డబ్బు కేటాయించినప్పుడే రివ్యూ బస్సుకూ కలిపి పక్కన పెట్టాను. రెండోది లేకపోతే మొదటి చెక్కు మీదా సంతకం పెట్టనన్నాను. "ఆ బస్సుకు ఫోటో ఏముంటుందండీ" అన్నారు ఒకరు. ఉండదు. మీరు కూడా పేరు రాయించేటప్పుడు అడగండి: మళ్ళీ చూపించడానికి మీరే తీసుకెళ్తారా, కళ్ళద్దాలు ఎప్పుడిస్తారు అని.

కళ్ళకూ క్లబ్బులకూ ఈ చుట్టరికం ఎలా కుదిరిందో చాలామంది అడుగుతారు. లయన్స్ క్లబ్బులు 1917లో చికాగోలో మొదలయ్యాయి. 1925లో ఒహాయోలో జరిగిన వాళ్ళ మహాసభకు, చూపూ వినికిడీ రెండూ లేని హెలెన్ కెల్లర్ వచ్చి, చీకటి మీద పోరులో చూపులేని వాళ్ళ తరఫున సైనికుల్లా నిలబడమని అడిగింది. ఆ ఒక్క ప్రసంగం తర్వాత కంటి పని వాళ్ళ ముఖ్యమైన పనయింది. మీ కైకలూరు పల్లె బడిలో బల్ల మీద పెట్టిన అక్షరాల అట్ట వెనక ఆవిడ ఉంది.

ఎండాకాలం చలివేంద్రంలో నీళ్ళు పెడితే మేలా, మజ్జిగా? మా బస్టాండు సెంటర్లో పెడదామనుకుంటున్నాం.
– కొత్తగా మొదలైన ఒక క్లబ్బు కార్యదర్శి, నరసరావుపేట

నీళ్ళు. మజ్జిగ ప్రారంభించిన రోజు మంత్రిగారికి బాగుంటుంది, పదో రోజుకి డబ్బులు అయిపోతాయి. పోసే మనిషి లేని చలివేంద్రం మాత్రం పెట్టకండి. ఉగాదికి తాటాకు పందిరి వేసి, వైశాఖం వచ్చేసరికి కుండల్లో కుక్క మూతి పెట్టడం నేను చూశాను. ఒక ముసలమ్మకో ముసలాయనకో రోజుకూలీ ఇచ్చి కూర్చోబెట్టండి. కుండ మీద మూత, పొడుగు కాడ గరిటె, రాత్రిపూట కుండలు బోర్లించడం, పొద్దున కడగడం ఆ మనిషి పని. నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తున్నారో మీరు కనుక్కోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కొన్ని ఆ పందిట్లో ఉంచండి, కండక్టర్లకూ రిక్షా వాళ్ళకూ పనికొస్తాయి.

మా నాన్నగారికి 84 ఏళ్ళు. తను పోయాక కళ్ళు ఇచ్చెయ్యమని నాతో ఎప్పుడూ చెబుతుంటారు. కళ్ళజోడు ఉంది, షుగర్ ఉంది, పొర ఆపరేషన్ కూడా అయింది. ఇవన్నీ ఉన్నా పనికొస్తాయా? పైగా మా పెద్దమ్మ "వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతాడు" అంటోంది.
– ఒక పాఠకుడు, చీరాల

పనికొస్తాయి. తీసుకునేది కంటి ముందుండే పారదర్శకమైన భాగం, కార్నియా. పొర ఆపరేషన్లో తీసింది దాని వెనకుండే కటకం. కళ్ళజోడు, షుగరు, బీపీ, వయసు ఏవీ అడ్డు కావు. ఎయిడ్స్, కామెర్లు తెచ్చే హెపటైటిస్ వైరస్‌లు, రేబీస్, రక్తంలో తీవ్రమైన ఇన్ఫెక్షన్, బ్లడ్ క్యాన్సర్ లాంటివి ఉంటే తీసుకోరు. అందుకోసమే కళ్ళు తీసుకోవడానికి ఐబ్యాంకు నుంచి వచ్చినవాళ్ళు కొంచెం రక్తం కూడా పట్టుకెళ్తారు.

నాన్నగారు ఫారం మీద సంతకం పెట్టారా లేదా అన్నదానికంటే, ఆ గంటలో మీరు ఒప్పుకుంటారా లేదా అన్నదే ముఖ్యం. సంతకం ఉన్నా ఇంటివాళ్ళు వద్దంటే ఎవరూ ముట్టుకోరు. సంతకం లేకపోయినా మీరు సరేనంటే తీసుకుంటారు. కాబట్టి ఇప్పుడే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఒక మాట మీదకు రండి. ఏడుపుల మధ్య ఈ చర్చ మొదలైతే గెలిచేది పెద్దమ్మే.

ప్రాణం పోయిన 6 గంటల్లోపు కార్నియా తీయాలి. ఐబ్యాంకు నంబరు ఇప్పుడే కాగితం మీద రాసి ఫోన్ దగ్గరో క్యాలెండరు మీదో అంటించండి. రెప్పలు మూసి, తడిపిన శుభ్రమైన దూది వాటి మీద వెయ్యండి. ఫ్యాను ఆపెయ్యండి, ఏసీ ఉంటే ఉండనివ్వండి. తల కింద దిండు పెట్టండి. వచ్చిన మనిషి డాక్టరే కానక్కర్లేదు, శిక్షణ పొందిన టెక్నీషియన్ అయినా చట్టం ఒప్పుకుంటుంది. పావుగంట, ఇరవై నిమిషాల పని. మొహం ఏమీ మారదు, చూడటానికి వచ్చిన చుట్టాలకు తేడా తెలియదు. ఇంటివాళ్ళు రూపాయి ఇవ్వక్కర్లేదు, తీసుకోకూడదు కూడా.

మా క్లబ్బులో ఈ పని చూసే ఆయనకు చిన్న కిరాణా కొట్టు. ఫోన్ వస్తే అర్ధరాత్రయినా షర్టు తొడుక్కుని బయల్దేరతాడు. ఆ ఇంటికి వెళ్ళి ముందు ఏమీ మాట్లాడడు, కాసేపు కూర్చుంటాడు. తర్వాత ఇంటి పెద్దెవరో చూసుకుని పక్కకు పిలుస్తాడు. కొన్ని ఇళ్ళలో తిట్లు కూడా పడ్డాయి. చెప్పులేసుకుని వచ్చేస్తాడు, మళ్ళీ ఫోన్ వస్తే మళ్ళీ వెళ్తాడు. మా ప్రమాణ స్వీకారాల్లో ఆయన్ను ఎప్పుడూ వేదిక మీద చూడలేదు.

పెద్దమ్మగారితో శాస్త్రం వాదించకండి. శిబి చక్రవర్తి తొడ కోసిచ్చాడు, దధీచి ఎముకలిచ్చాడు. వాళ్ళు వచ్చే జన్మలో అవిటివాళ్ళయ్యారని ఏ పురాణం చెప్పిందో ఆవిడనే అడగండి.

మేం పదిమంది కుర్రాళ్ళం. 2024 బుడమేరు వరదలో చేతనైనంత చేశాం కానీ గందరగోళంగా జరిగింది. ఈసారికి ముందే సిద్ధంగా ఉండాలని డబ్బు పోగేస్తున్నాం. ఏమేం కొని ఉంచుకోవాలి ఆంటీ?
– ఒక యువజన బృందం, విజయవాడ

ఇప్పుడే ఏమీ కొనకండి నాయనా. సింగ్‌నగర్ మునిగినప్పుడు మా తెనాలి నుంచీ పులిహోర ప్యాకెట్లు పంపాం. వ్యాను ఎంతవరకు పోతే అక్కడివాళ్ళకు రెండేసి, మూడేసి అందాయి. నడుం లోతు నీళ్ళున్న లోపలి సందుల్లో మేడలెక్కి చేతులూపిన వాళ్ళకు పొద్దుటి పులిహోర సాయంత్రానికి పులిసి అందింది. సరుకుకు లోటు లేదు. ఏ సందులో ఎవరున్నారో ఎవరికీ తెలియలేదు.

అందుకని మీ పదిమందీ వానలు మొదలవక ముందే తలా రెండు సందులు పంచుకోండి. మంచం దిగలేని వాళ్ళు, ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళు, నెలలు నిండినవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు ఏ ఇంట్లో, ఏ అంతస్తులో ఉన్నారో నోటు పుస్తకంలో రాసుకోండి. ఫోన్లో కాదు, ఛార్జింగు అయిపోతుంది. ఆ పుస్తకం జిరాక్సు ఒకటి వార్డు సచివాలయంలో ఇవ్వండి. పడవ వచ్చిన రోజున ముందు ఎటు తిప్పాలో చెప్పగలిగేది మీరే.

1977 నవంబరు 19 ఉప్పెనప్పుడు మేం రేపల్లెలో ఉండేవాళ్ళం. నేను డిగ్రీ చదువుతున్నాను. ఎక్కడెక్కడి నుంచో లారీల్లో పాత బట్టలు వచ్చి కుప్పలు పడ్డాయి. బొత్తాల్లేని కోట్లు కూడా ఉన్నాయి వాటిలో. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు వాటిని అటూ ఇటూ కదిపి, "గిన్నె ఉంటే ఇప్పించండమ్మా" అనేవాళ్ళు. బియ్యం ఇచ్చారు సరే, దేంట్లో వండుకుంటారు? మా అమ్మ ఇంట్లో రెండు సత్తు గిన్నెలు ఇచ్చేసింది. ఆ వారం మేం అన్నం, చారు ఒకే గిన్నెలో ఒకదాని తర్వాత ఒకటి కాచుకున్నాం.

నీళ్ళు తీశాక అందరూ వెళ్ళిపోతారు. మీరు ఉండండి. బురద ఎత్తే పారలు, బ్లీచింగ్ పౌడరు, చీపుళ్ళు, దోమల చుట్టలు, ఆడవాళ్ళకు ప్యాడ్లు అప్పుడు కావాలి. తడిసిపోయిన ఆధార్, పాసుపుస్తకాలకు డూప్లికేటు తీసుకోవడానికి ఆ ముసలివాళ్ళ వెంట బ్యాంకుకు వెళ్ళండి. కౌంటరు అవతల కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నా, పక్కన మాట్లాడే కుర్రాడు ఒకడుంటే పని సగం తొందరగా అవుతుంది. పోగేసిన డబ్బు దీనికి దాచండి.

క్లబ్బులో ఈ ఏడు నేను ట్రెజరర్. కృత్రిమ కాళ్ళ శిబిరం కోసం ఊళ్ళో వసూలు చేసిన డబ్బులోంచి కొంత ప్రమాణ స్వీకారం విందుకు "సర్దమని" అధ్యక్షులు అంటున్నారు. తర్వాత కలిపేస్తారట. ఆయన మంచివారే.
– పేరు వద్దన్న పాఠకుడు, ఉభయ గోదావరుల నుంచి

మంచివారే అయ్యుంటారు. కుదరదని చెప్పండి. జనం దగ్గర సేవ కోసం వసూలు చేసింది జనానికే ఖర్చు కావాలి, క్లబ్బు నడపడానికి కాదు. ఈ నియమం లయన్స్ పుస్తకంలోనే ఉంది. అందుకే పాలనా ఖర్చుల ఖాతా వేరు, సేవా ఖాతా వేరు. మీకు ఒకే ఖాతా ఉంటే రేపే రెండోది తెరవండి. తీర్మానం కాపీ, ఇద్దరి సంతకాలతో లావాదేవీలు జరగాలన్న షరతు పట్టుకెళ్ళండి. విందు కావలసినవాళ్ళు తలా ఇంత వేసుకుంటే సరిపోతుంది. సున్నుండలు ఒక రకం తగ్గుతాయేమో.

నగదు ఇచ్చిన ప్రతివాళ్ళకూ రసీదు ఇవ్వండి, 50 రూపాయలైనా. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్ళను చెక్కో యూపీఐయో అడగండి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు రాదు, ఆ సంగతి వాళ్ళకు ముందే చెప్పండి. వసూలైంది ఎంత, కాళ్ళు పెట్టించుకున్నవాళ్ళు ఎందరు, మిగిలింది ఎంత అన్నది ఒక కాగితం మీద రాసి, ముందు డబ్బిచ్చిన కొట్లవాళ్ళకే పంచండి. వచ్చే ఏడు వసూలుకు వెళ్ళినప్పుడు వాళ్ళే కుర్చీ వేస్తారు.

మావారు క్లబ్బు అధ్యక్షులు. ఆదివారం ఇంట్లో ఉండరు. రక్తదాన శిబిరానికి వచ్చిన అరవై మందికి ఉప్మా మాత్రం నేనే చెయ్యాలి. ఫోటోలో నేనుండను. ఏమిటి అక్కయ్యా ఈ ఖర్మ?
– ఒక పాఠకురాలు, ఏలూరు

ఉప్మా మానెయ్ తల్లీ. రక్తం ఇచ్చినవాళ్ళకు బిస్కెట్లు, పళ్ళరసం చాలు, హోటల్లో ఇడ్లీ చెప్పుకోవచ్చు. నువ్వు కూడా సభ్యురాలివి అవ్వు. ఆడవాళ్ళను చేర్చుకోవడానికి లయన్స్ 1987లో, రోటరీ 1989లో ఒప్పుకున్నాయి. మీవారి క్లబ్బుకు ఇంకా కబురు అందకపోతే నువ్వే తీసుకెళ్ళు. వయసు 18 దాటి, 45 కిలోల పైన బరువుండి, హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉంటే నువ్వూ రక్తం ఇవ్వచ్చు. ఆడవాళ్ళు నాలుగు నెలలకొకసారి ఇవ్వచ్చు. ఆ రోజు ఉప్మా చెయ్యమని నిన్ను ఎవరూ అడగరు. జూన్‌లో కొత్త కార్యవర్గానికి పేర్లు అడిగినప్పుడు ట్రెజరర్ పదవి అడుగు. ఎవరూ పోటీకి రారు.